తెర మీద థెరపీ: పిల్లల్ని ఎవరికి అప్పగిస్తున్నాం?

విశాఖపట్నంలో చదువుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇచ్చింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించి ఊరుకోకుండా న్యాయమూర్తులు విక్రమ్‌నాథ్, సందీప్ మెహతా దేశమంతటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు కూడా రాశారు. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు, సోషల్ వర్కర్లలో ఒక్కరైనా ఉండి తీరాలన్నది వాటిలో ఒకటి. మంచి మాటే. కానీ అంతమంది అర్హులు మనకున్నారా?

లేరు. లక్ష మంది జనానికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశం మనది. ఉన్నవాళ్లలో టీనేజ్ పిల్లల సమస్యల్లో ప్రత్యేక శిక్షణ పొందినవాళ్లు మరీ తక్కువ, వాళ్లలోనూ ఎక్కువమంది పెద్ద నగరాల్లోనే ఉంటారు. అవసరం మాత్రం ఊరూరా ఉంది. కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరిది ఇదే పరిస్థితి. మానసిక రుగ్మతల్లో సగం 14 ఏళ్ల వయసుకే మొదలైపోతాయని అమెరికాలో రొనాల్డ్ కెస్లర్ బృందం 2005లో చూపించింది. ఇంటర్‌లో చేరే నాటికే చాలామంది పిల్లలు వాటితో సతమతమవుతూ ఉంటారన్నమాట.

పాడేరులోనో ఆసిఫాబాద్‌లోనో ఉన్న తల్లిదండ్రులు ఇలాంటి పిల్లల్ని తీసుకుని వారం వారం హైదరాబాద్ వెళ్లలేరు. ఫోన్ తెరిచి వెతికితే మాత్రం కొరతన్నదే కనిపించదు. ఈ రాత్రికే మాట్లాడండి, మొదటి సెషన్ ఉచితం, ఇరవై నాలుగు గంటలూ మీ తోడు అంటూ వరసగా ప్రకటనలు. వాటిలో నమ్మదగింది ఏదో తేల్చుకోవడానికి చాలామంది యాప్ రేటింగు చూస్తారు, డౌన్‌లోడ్లు చూస్తారు. కానీ పరిశోధనలు చూడమంటున్నవి వేరే రెండు: అవతల మాట్లాడే మనిషి ఎవరు, ఇవతల ఇంట్లో మనం చేసిన ఏర్పాటు ఏమిటి?

పనిచేస్తుందా?

పనిచేస్తుంది, అన్నిటికీ కాదు. యాంగ్జైటీకీ, మరీ తీవ్రం కాని డిప్రెషన్‌కీ ఆన్‌లైన్ చికిత్స మేలు చేస్తుందనడానికి మంచి ఆధారాలున్నాయి. ఎక్కువగా పరీక్షించింది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని. దీన్నే సీబీటీ అంటారు. అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్ 1960ల్లో దీనికి పునాది వేశారు. మన ఆలోచన, భావన, శరీరం, చేసే పని ఒకదాన్నొకటి లాగుతుంటాయన్నది దీని సూత్రం. మాక్ టెస్టులో మార్కులు తగ్గిన కుర్రాడికి ‘ఇక నా వల్ల కాదు’ అనిపిస్తుంది. గుండె దడ మొదలవుతుంది. పుస్తకం మూసి పడుకుంటాడు. చదవలేదు కాబట్టి తర్వాతి టెస్టులో ఇంకా తగ్గుతాయి. దాంతో మొదట అనుకున్నదే నిజమని గట్టిగా నమ్ముతాడు. థెరపిస్టు ఈ వరసనంతా ఆ కుర్రాడి చేతే కాగితం మీద రాయించి, ఎక్కడో ఒకచోట దాన్ని మార్చే ప్రయోగం చేయిస్తారు. ఈ వారం రోజుకు పావుగంటే చదువు, తర్వాత ఎలా అనిపించిందో రాసుకో, వచ్చే వారం చూద్దాం అంటారు. ఈ పనికి కావాల్సింది మాట, కాగితం, వారం వారం ఇంటిపని. స్టెతస్కోపు అక్కర్లేదు. అందుకే ఇది తేలిగ్గా ఇంటర్నెట్‌లోకి వచ్చింది.

ఆస్ట్రేలియాలో సూసన్ స్పెన్స్ బృందం యాంగ్జైటీతో బాధపడుతున్న 12-18 ఏళ్ల పిల్లలు 115 మందిని తీసుకుని కొందరికి క్లినిక్‌లోనూ, కొందరికి ఇంటర్నెట్‌లోనూ సీబీటీ ఇచ్చింది. 2011లో వెలువడిన ఫలితాల్లో రెండు దారుల మధ్య పెద్ద తేడా కనిపించలేదు. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి సీబీటీని ఒక కంప్యూటర్ ఆటగా మార్చారు. పేరు స్పార్క్స్. సాలీ మెర్రీ బృందం 187 మంది పిల్లల మీద జరిపి 2012లో ప్రచురించిన పరీక్షలో, డిప్రెషన్ లక్షణాలున్న పిల్లలకు ఈ ఆట మామూలు కౌన్సెలింగ్‌కి తీసిపోలేదని తేలింది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2019 మార్గదర్శకాల్లో, పిల్లల్లో తేలికపాటి డిప్రెషన్‌కి మొదట ఇవ్వదగ్గ చికిత్సల్లో డిజిటల్ సీబీటీని చేర్చింది. డిప్రెషన్ ముదిరిన 12-18 ఏళ్ల వాళ్లకు మాత్రం విడిగా ఒక మనిషి చేసే సీబీటీయే కావాలంది. తీవ్రత పెరిగేకొద్దీ యాప్ పాత్ర తగ్గి మనిషి పాత్ర పెరగాలన్నమాట.

తేలికపాటి సమస్యల్లోనూ మనిషి లేకపోతే లోటే. యాప్ ఇచ్చి ఊరుకుంటే మధ్యలో వదిలేసేవాళ్లు ఎక్కువ. ఎవరో ఒకరు వారం వారం పలకరించి, ఇంటిపని చూస్తే కోర్సు పూర్తి చేసేవాళ్లు పెరుగుతారు, ఫలితమూ పెరుగుతుంది. ఆస్ట్రేలియా పరీక్షలో కూడా ఇంటర్నెట్ కోర్సు వెనుక ఒక థెరపిస్టు ఉన్నారు. దీనికి కారణం సైకాలజిస్టు ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లోనే రాశారు. చికిత్సకు పట్టు చిక్కాలంటే మూడు కుదరాలి: ఎక్కడికి చేరాలో ఇద్దరూ ఒప్పుకోవాలి, దానికి ఏం చేయాలో ఒప్పుకోవాలి, ఇద్దరి మధ్య నమ్మకం ఉండాలి. టీనేజ్ పిల్లల విషయంలో మొదటిదే తరచు తప్పుతుంది. ‘మావాడు సరిగ్గా చదవాలి’ అన్నది తండ్రి లక్ష్యం, ‘నన్ను ఇంజినీరింగు నుంచి తప్పించండి’ అన్నది కొడుకు లక్ష్యం. మొదటి రెండు మూడు సెషన్లలో ఈ తేడాను బయటపెట్టి సర్దని థెరపీ, తెర మీదైనా ఎదురుగానైనా, ముందుకు సాగదు.

మన దేశంలో జరిగిన ఒక ప్రయత్నాన్నీ చెప్పుకోవాలి. సంగత్ అనే స్వచ్ఛంద సంస్థ, విక్రమ్ పటేల్ వంటి పరిశోధకులతో కలిసి ఢిల్లీలో ఆరు ప్రభుత్వ పాఠశాలల్లో 251 మంది విద్యార్థులతో ప్రైడ్ పేరిట ఒక పరీక్ష జరిపింది. మానసిక వైద్యంలో డిగ్రీలు లేని, కానీ ఈ పనికి ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చి పర్యవేక్షణలో ఉంచిన కౌన్సెలర్లు, బొమ్మల కథల పుస్తకాల సాయంతో పిల్లలకు సమస్యను ముక్కలు చేసి పరిష్కరించుకోవడం నేర్పారు. ఉత్త పుస్తకాలే ఇచ్చిన పిల్లలతో పోలిస్తే, కౌన్సెలర్ తోడున్న పిల్లలకు తాము చెప్పుకున్న ఇబ్బందులు ఎక్కువగా తగ్గాయి. లక్షణాలను కొలిచే ప్రశ్నావళిలో మాత్రం ఆరు వారాలకు పెద్ద తేడా రాలేదు. దీన్నుంచి రెండు పాఠాలు తీసుకోవచ్చు. డిగ్రీ ఒక్కటే అంతా కాదు, శిక్షణా పర్యవేక్షణా ఉంటే మామూలు మనిషి కూడా మేలు చేయగలడు. అలాగని ఆ మేలుకు హద్దు లేకపోలేదు.

తెర ఇచ్చేదీ తీసుకునేదీ

ఎదురుగా కూర్చుంటే పెదవి విప్పని పిల్లలు ఫోన్లో గలగలా మాట్లాడటం చాలా ఇళ్లలో చూస్తాం. సైకాలజిస్టు జాన్ సూలర్ 2004లో దీన్ని వివరించారు. తెర అడ్డుగా ఉన్నప్పుడు ఎదుటివాళ్ల కళ్లలో చులకన వెతుక్కోవాల్సిన పని తగ్గుతుంది, అధికారపు బరువు తేలికవుతుంది, లోపలి మాట బయటికి వస్తుంది. సిగ్గుపడే పిల్లలకు, జబ్బు పేరు చెబితే ఊళ్లో ఏమనుకుంటారోనని బెదిరే కుటుంబాలకు ఇది వరమే. టైపు చేసే చాట్‌లో ఈ చొరవ ఇంకా ఎక్కువ. కాకపోతే అక్కడ గొంతు వినబడదు, ముఖం కనబడదు. ‘బానే ఉన్నా’ అని టైపు చేసిన పిల్ల ఏడుస్తూ టైపు చేసిందో లేదో తెలియదు. పరిచయానికి, రెండు సెషన్ల మధ్య పలకరింపుకి చాట్ సరే, చికిత్సకు వీడియో మేలు.

వీడియోకీ లోపాలున్నాయి. మామూలు సంభాషణలో ఒకరి మాట ఆగడానికీ ఇంకొకరు అందుకోవడానికీ మధ్య వ్యవధి సగటున సెకనులో ఐదో వంతు. పది భాషలను పోల్చి 2009లో ప్రచురించిన పరిశోధన చెప్పిన సంగతి ఇది. నెట్‌వర్క్ అరసెకను ఆలస్యం చేసినా ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. పైగా థెరపీలో మౌనం కూడా పనిముట్టే. ప్రశ్న వేసి పిల్లవాడు లోపల తడుముకునేదాకా ఆగాలి. సిగ్నల్ సరిగ్గా లేనిచోట ఆ మౌనం కాల్ కట్ అయినట్టుగా తోస్తుంది, వెంటనే ‘హలో, వినిపిస్తోందా?’ అంటారు. చెప్పబోయిన మాట వెనక్కి పోతుంది. కాబట్టి సెషన్ వేళకు ఇంట్లో మిగతావాళ్లు వీడియోలు ఆపడం చికిత్సకు చేసే చిన్న సాయం.

వీడియో కాల్‌లో మన ముఖం మనకే కనబడుతూ ఉండటం ఇంకో చిక్కు. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో జెరెమీ బెయిలెన్సన్ 2021లో వీడియో సమావేశాల అలసటకు చెప్పిన కారణాల్లో ఇదొకటి. మొటిమల గురించో లావు గురించో దిగులుపడే పిల్లకు గంటసేపు తన ముఖమే చూసుకోవడం శిక్ష. సెట్టింగ్స్‌లో సెల్ఫ్ వ్యూ దాచేస్తే సరిపోతుంది. మొదటి సెషన్‌కి ముందే ఈ పని చేసిపెట్టండి.

అవతల ఉన్నది ఎవరు?

ఒకే యాప్‌లో సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, కౌన్సెలర్, వెల్‌నెస్ కోచ్ పక్కపక్కనే కనిపిస్తారు. నాలుగూ ఒకటి కాదు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాసే అధికారం ఈ నలుగురిలో వీళ్లకే ఉంది. రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ మెడికల్ కౌన్సిల్లోనో, మరో రాష్ట్ర కౌన్సిల్లోనో ఉండాలి. క్లినికల్ సైకాలజిస్టు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు చదివి, 1992 నాటి చట్టం ప్రకారం ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్లు. ఆర్‌సీఐ వెబ్‌సైట్లో పేరుగానీ నంబరుగానీ కొట్టి చూసుకోవచ్చు.

కౌన్సెలర్ అన్న మాటకు ఇంతకాలం అలాంటి కాపలా లేదు. ఎమ్మెస్సీ సైకాలజీ చదివి ఏళ్ల తరబడి పిల్లలతో పనిచేసినవాళ్లూ కౌన్సెలరే, రెండు రోజుల వీడియో కోర్సు సర్టిఫికెట్ ఉన్నవాళ్లూ కౌన్సెలరే. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం ఈ వృత్తులను కూడా రిజిస్ట్రేషన్ కిందికి తేవాలని చూస్తోంది. ఆ వ్యవస్థ స్థిరపడేదాకా అడిగి తెలుసుకోవడమే దారి. ఏ యూనివర్సిటీలో ఏం చదివారు, టీనేజర్లతో ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు, మీ కేసులను చూసి సలహా చెప్పే సీనియర్ ఎవరైనా ఉన్నారా? ఢిల్లీ పరీక్షలో ఆ పర్యవేక్షణ ఉంది కాబట్టి మూడో ప్రశ్న ముఖ్యం. నిజాయితీ గల కౌన్సెలర్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. జవాబు తప్పించేవాళ్లను, ఇన్ని వారాల్లో పూర్తిగా నయం చేస్తామని గ్యారంటీ ఇచ్చేవాళ్లను, మొదటి సెషన్ కాకముందే పెద్ద ప్యాకేజీ కట్టమనేవాళ్లను దూరం పెట్టండి.

ఇక మనిషే లేని చాట్‌బాట్‌ల సంగతి. ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో ఎలైజా అనే చిన్న ప్రోగ్రాం రాశారు. మనం అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం దాని పని. అంతమాత్రానికే జనం దానికి మనసు విప్పుకోవడం చూసి రాసినాయనే కంగారుపడ్డారు. ఇప్పటి ఏఐ అంతకంటే ఎన్నో రెట్లు తీయగా మాట్లాడుతుంది, అర్ధరాత్రయినా విసుక్కోదు. కానీ అది ఎదుటివాళ్లను ఒప్పుకుంటూ పోయే స్వభావం ఉన్నది. పిల్లవాడి తప్పుడు నమ్మకాన్ని ప్రశ్నించాల్సిన చోట తలూపుతుంది. ప్రమాదం పసిగట్టి ఇంటికి ఫోన్ చేసే బాధ్యత దానికి లేదు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం 2025 ఆగస్టులో ఏఐతో థెరపీ చేయించడాన్ని చట్టం చేసి మరీ నిషేధించింది. నిద్రవేళలు రాసుకోవడానికో, శ్వాస వ్యాయామం గుర్తు చేయడానికో యాప్ వాడుకోవచ్చు. దాన్ని థెరపిస్టు అనుకోవద్దని మాత్రం పిల్లలకు చెప్పాలి.

చట్టం ఏమంటోంది?

కొవిడ్ మొదలైన రోజుల్లో, 2020 మార్చి 25న, కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం డాక్టర్ ఆన్‌లైన్లో మైనర్‌ని చూడాలంటే పక్కన పెద్దవాళ్లు ఉండాలి, వాళ్లెవరో డాక్టర్ నిర్ధారించుకోవాలి. పిల్లల వయసు కూడా అడగకుండా మందుల చీటీ పంపే యాప్ ఈ ఒక్క నియమం దగ్గరే తప్పింది. కఠిన నియంత్రణలో ఉండే షెడ్యూల్ ఎక్స్ జాబితా మందులు ఆన్‌లైన్లో రాయకూడదు. ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్యకు వాడే మిథైల్‌ఫెనిడేట్ అందులో ఉంది, కాబట్టి ఆ పిల్లలకు నేరుగా వెళ్లక తప్పదు. డిప్రెషన్ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరు పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో ఆ మందుల మీద పెద్ద హెచ్చరిక వేయించింది. భయపడి మానేయమని దాని అర్థం కాదు. చీటీ రాసిన డాక్టర్ మళ్లీ వారం రెండు వారాల్లోనే చూడాలి. మూడు నెలలకు మందులు రాసి పంపేసే పద్ధతి పిల్లలకు పనికిరాదు.

గోప్యత దగ్గర తల్లిదండ్రులకూ పిల్లలకూ పేచీ వస్తుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 రోగి సమాచారాన్ని గోప్యంగా ఉంచాలంటుంది. అదే చట్టంలో 18 ఏళ్ల లోపు పిల్లల తరఫున నిర్ణయాలు సంరక్షకులవి. మంచి థెరపిస్టు మొదటి రోజే ఇద్దరినీ కూర్చోబెట్టి గీత గీస్తారు. మామూలు మాటలు పిల్లల దగ్గరే ఉంటాయి, చికిత్స ఎలా సాగుతోందో మాత్రం తల్లిదండ్రులకు చెబుతారు. ప్రాణానికి ముప్పుంటే వెంటనే చెబుతారు. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే. ఈ గీత ముందే తెలిసిన పిల్లలు తర్వాత మోసపోయామనుకోరు. అసలు గీతే గీయని థెరపిస్టుతో జాగ్రత్త.

మాటలు ఎక్కడికి పోతాయి?

అమెరికాలో బెటర్‌హెల్ప్ అనే పెద్ద ఆన్‌లైన్ థెరపీ సంస్థ, టీన్ కౌన్సెలింగ్ పేరుతో పిల్లల సేవ కూడా నడిపేది. గోప్యంగా ఉంచుతామన్న ఈమెయిళ్లను, ఆరోగ్య ప్రశ్నల సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటి వాటికి ఇచ్చిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఆరోపించింది. 78 లక్షల డాలర్లు చెల్లించడానికి సంస్థ ఒప్పుకుంది. ఫిన్లాండ్‌లో జరిగింది ఇంకా ఘోరం. వాస్తామో అనే సైకోథెరపీ కేంద్రం రికార్డులు దొంగలపాలై, 2020 అక్టోబరులో 30 వేలకు పైగా రోగుల రహస్యాలు బెదిరింపులకు సరుకయ్యాయి. నిందితుడికి 2024లో ఆరేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. బయటపడిన మాటలను మాత్రం ఏ కోర్టూ వెనక్కి తేలేదు.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందర్నీ పిల్లలుగానే చూస్తుంది. తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, పిల్లల్ని వెంటాడి ప్రకటనలు చూపించకూడదని అంటుంది. ఆరోగ్య సేవలకు కొన్ని మినహాయింపులున్నాయి. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా సాగుతుంది. అందాకా మన జాగ్రత్త మనదే. సెషన్లు రికార్డు చేస్తారా, నోట్సు ఎవరు చూస్తారు, అకౌంటు మూసేస్తే డేటా చెరిపేస్తారా అని అడగండి. ఫోన్‌బుక్, ఫొటోలు, లొకేషన్ అన్నీ కావాలనే యాప్‌కి థెరపీతో పనిలేదని గ్రహించండి.

ఇంట్లో చేయాల్సిన ఏర్పాటు

మన ఇళ్లలో తలుపు వేసుకోవడమే అనుమానం. రెండు గదుల ఇంట్లో నానమ్మ ఒక మంచం మీద, టీవీ ఎదురుగా తమ్ముడు ఉంటే పిల్ల ఎక్కడ కూర్చుని మనసు విప్పుతుంది? ఆ ముప్పావుగంట ఒక గది ఖాళీ చేసివ్వాలి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అవతలి మాట బయటికి రాదు, గదిలో ఫ్యాన్ జోరుగా తిరుగుతుంటే ఇవతలి మాట కూడా గుమ్మం దాటదు. మేడ మీదో, ఆగివున్న కారులోనో కూర్చుని మాట్లాడే పిల్లలూ ఉన్నారు. సెషన్ అయిపోగానే ‘మేడం ఏం అడిగారు? మా గురించి ఏం చెప్పావు?’ అని మొదలుపెడితే వచ్చే వారం పిల్ల చెప్పేది సగమే.

రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉన్న పిల్లలది వేరే కష్టం. అక్కడ ఫోన్ ఉండనివ్వరు, వార్డెన్ ఫోన్లో అందరి ముందూ మాట్లాడేది థెరపీ కాదు. ప్రిన్సిపాల్‌తో మాట్లాడి వారానికి ఒక గంట, తలుపున్న గది, ఒక ఫోన్ అడగాలి. సుప్రీంకోర్టు మార్గదర్శకాలు చేతిలో ఉన్నాయి కాబట్టి దబాయించి అడగొచ్చు. కుదరదంటే కొన్నాళ్లు ఇంటికి తెచ్చుకోవడమే నయం. చదువు తర్వాతైనా అందుకోవచ్చు.

అసలు పిల్లల్ని ఒప్పించడం ఎలా? ‘నీకు పిచ్చని కాదమ్మా’ అని మొదలుపెడితే పిచ్చి అన్న మాటే మిగులుతుంది. ‘నెల్లాళ్లుగా నీకు నిద్ర పట్టట్లేదు కదా నాన్నా, అది తెలిసినవాళ్లతో ఒకసారి మాట్లాడదామా? నచ్చకపోతే ఇంకొకరిని చూద్దాం’ అంటే వింటారు. కనబడే ఇబ్బంది చెప్పాలి, ఎంచుకునే హక్కు వాళ్లకివ్వాలి. ఇద్దరు ముగ్గురు థెరపిస్టుల వివరాలు చూపించి, వాళ్లనే ఎంచుకోనిస్తే సగం పని అయినట్టే. భాష కూడా వాళ్ల ఇష్టమే. చదువు ఇంగ్లిషులో సాగినా ఏడుపు తెలుగులో వచ్చే పిల్లలకు తెలుగు తెలిసిన థెరపిస్టు కావాలి.

నాలుగు నుంచి ఆరు సెషన్ల తర్వాత ఆగి లెక్క చూసుకోండి. మంచి థెరపిస్టు మొదట్లోనే ఒక ప్రశ్నావళి నింపించి, మళ్లీ మధ్యలో నింపిస్తారు. తమ రోగుల్లో ఎవరి పరిస్థితి దిగజారుతోందో థెరపిస్టులు ఊహించలేకపోతారని, ఇలాంటి కొలతలు ఆ లోపాన్ని సరిదిద్దుతాయని సైకాలజిస్టు మైకేల్ లాంబర్ట్ పరిశోధనలు చూపించాయి. నిద్ర, తిండి, స్నేహితులతో మాట, కాలేజీకి వెళ్లడం, వీటిలో ఏదీ కదలకపోతే పద్ధతి మార్చమనండి. లేదా మనిషిని మార్చండి.

తెర చాలనప్పుడు

ఆత్మహత్యకు ప్రయత్నించిన, లేదా ఎలా చనిపోవాలో ఆలోచించుకుంటున్న పిల్లలకు వచ్చే మంగళవారం వీడియో కాల్ సరిపోదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లేని గొంతులు వినిపించడం, రోజుల తరబడి నిద్రలేకుండా ఉరకలేయడం, తిండి మానేసి బరువు ప్రమాదకరంగా తగ్గడం, మత్తుకు అలవాటుపడటం కూడా అంతే. బరువు తూచాలి, రక్తం, ఈసీజీ చూడాలి, తెర మీద ఇవేవీ కుదరవు. ఇంట్లోనే ఎవరో హింసిస్తున్న పిల్లకు ఆ ఇంట్లో కూర్చుని థెరపీ ఎలా సాగుతుంది? అప్పుడు 1098 చైల్డ్ హెల్ప్‌లైన్. ప్రాణాపాయమైతే 112. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. మీకు దగ్గరలో ఏ ఆసుపత్రి ఉందో ఆన్‌లైన్ థెరపిస్టుకి మొదటి రోజే చెప్పి రాయించండి. మీ ఊరి పేరు, ఇంటి నంబరు, అత్యవసరానికి ఒక పెద్దవాళ్ల ఫోన్ అడగని థెరపిస్టు ఆపద వేళ ఎవరికి కబురు చేస్తారు?

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇంకో మాట. అక్కడ లైసెన్సు నియమం రోగి కూర్చున్న రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. డల్లాస్‌లో ఉన్న అమ్మాయికి హైదరాబాద్ నుంచి తెలుగులో థెరపీ చేస్తామనేవాళ్లకు టెక్సాస్ లైసెన్సు లేకపోతే ఆపద వేళ వాళ్లకు అధికారమూ ఉండదు, మీకు దిక్కూ ఉండదు. సైకాలజిస్టులు రాష్ట్రాలు దాటి పనిచేయడానికి సైప్యాక్ట్ అనే ఒప్పందం ఉంది. దాన్లో చేరిన తెలుగు సైకాలజిస్టుల్ని వెతకడం సరైన దారి. అక్కడి ఆత్మహత్యల నివారణ, మానసిక సంక్షోభ హెల్ప్‌లైన్ 988.

ఎక్కడ మొదలుపెట్టాలి?

డబ్బు ఖర్చుపెట్టక ముందే చేయగలిగింది ఒకటుంది. 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు ఇది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్లు మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్టుకో సైకాలజిస్టుకో అప్పగిస్తారు, నేరుగా చూడాల్సి వస్తే జిల్లాలోని సేవల దగ్గరికి పంపుతారు. నిమ్‌హాన్స్ దీనికి పెద్ద దిక్కు. ఇప్పటికి 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి. వారం వారం సాగే థెరపీకి ఇది బదులు కాదు. ఈ పిల్లకు ఏ స్థాయి సాయం కావాలో మొదట చెప్పగలిగిన, అమ్ముకోవడానికి ఏమీ లేని గొంతు మాత్రం ఇదే.

ఆ నంబరు మీ ఫోన్లోనే కాదు, మీ పిల్లల ఫోన్లోనూ ఈ రోజే పెట్టండి. ఆపైన థెరపిస్టును ఎంచుకునేటప్పుడు మూడు అడగండి: మీ పూర్తి పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఏమిటి? నా బిడ్డ చెప్పింది ఎవరెవరికి తెలుస్తుంది? అర్ధరాత్రి ఆపద వస్తే మీరేం చేస్తారు? వీటికి సూటిగా జవాబు చెప్పలేని సేవకు, దాని యాప్ ఎంత బాగున్నా, మీ పిల్లల్ని అప్పగించకండి.